సర్వర్ స్లో అయితే: ఆరు డిస్క్‌లలో నత్తనడక దేనిదో పట్టుకోవడం ఎలా

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు ఎడిటింగ్ స్టూడియోలకు, కూకట్‌పల్లిలో కొన్ని పెళ్లి ఫొటో స్టూడియోలకు స్టోరేజ్ సర్వర్లు చూసుకోవడం నా పని. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఫోన్‌లో వినిపించేది ఒకటే మాట: "అక్కా, సర్వర్ స్లో ఉంది." ఎవరికి స్లో, ఎప్పటి నుంచి, ఫైల్ తెరిచేటప్పుడా, సేవ్ చేసేటప్పుడా అంటే మాత్రం జవాబు ఉండదు. "అంతా స్లోనే" అంటారు. ఇంకొందరు ఫోన్ చేసే ముందే సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసేస్తారు. దాంతో చూడాల్సిన ఆనవాళ్లలో సగం తుడిచిపెట్టుకుపోతాయి.

నేను చూసే సర్వర్లన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. డెబియన్ లేదా ఉబుంటు లైనక్స్, ఆరు లేదా ఎనిమిది హార్డ్‌డిస్క్‌లు, ఎమ్‌డీఏడీఎమ్ అనే లైనక్స్ టూల్‌తో కట్టిన రెయిడ్ 6 (డిస్క్‌లన్నిటినీ ఒక్కటిగా కలిపి, రెండు పోయినా డేటా నిలిచేలా చేసే ఏర్పాటు), దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్, ఎడిటర్ల విండోస్ మెషీన్లకు ఫోల్డర్లు పంచే సాంబా షేర్. మీ దగ్గర కాస్త తేడా ఉన్నా వెతికే దారి మారదు. రెయిడ్ 5, రెయిడ్ 6లలో ఒక పెద్ద ఫైల్ అన్ని డిస్క్‌ల మీదా ముక్కలుగా పరుచుకుని ఉంటుంది. ఐదు డిస్క్‌లు తమ ముక్క వెంటనే ఇచ్చినా ఆరోది ఇచ్చేదాకా ఫైల్ ముందుకు కదలదు. అందుకే నేను మొత్తం స్పీడ్ ఎంత అన్నదాని కంటే, తోటి డిస్క్‌లతో పోలిస్తే తేడాగా ఉన్నది ఏది అన్నదే ముందు చూస్తాను.

కమాండ్లను ఫోన్‌లో మా కుర్రాళ్లకు చెప్పినట్టే రాస్తున్నాను. ప్రత్యేకంగా చెప్పకపోతే అక్షరాలన్నీ చిన్నవే.

ముందు వైరు, తర్వాతే డిస్క్

సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ముందు ఒక ఎడిటర్ మెషీన్‌లో పెద్ద వీడియో ఫైల్ ఒకటి కాపీ పెట్టించి, స్పీడ్ ఎంత చూపిస్తోందో అడగండి. సెకనుకు 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంటే అది డిస్క్ తప్పు కాదు. ఎక్కడో ఒక లింకు గిగాబిట్ నుంచి 100 మెగాబిట్‌కు పడిపోయింది. సర్వర్‌లో ఈథ్‌టూల్ కొట్టి పక్కన నెట్‌వర్క్ కార్డు పేరు ఇస్తే స్పీడ్ అన్న వరుసలో 100 అని ఉందో 1000 అని ఉందో కనిపిస్తుంది. సర్వర్‌లో 1000 ఉంటే ఆ ఎడిటర్ మెషీన్‌లోనూ, మధ్యలోని స్విచ్‌లోనూ చూడండి. కుర్చీ చక్రాల కింద నలిగిన కేబుల్, గోడ దగ్గర మడత పడిన కేబుల్, క్లిప్పు విరిగిన కనెక్టర్ లాంటివే ఎక్కువగా దొరుకుతాయి.

సెకనుకు 110 ఎంబీ చుట్టుపక్కల నిలబడితే గిగాబిట్ లైన్ నిండిపోయిందన్నమాట. నలుగురు ఎడిటర్లు ఒకేసారి ఫోర్‌కే ఫుటేజ్ లాగుతుంటే ఆ లైనునే నలుగురూ పంచుకోవాలి. డిస్క్‌లు ఎంత వేగంగా ఉన్నా అంతకు మించి రాదు. అనుమానం తీరకపోతే రెండు వైపులా ఐపెర్ఫ్3 నడపండి. అది డిస్క్ జోలికి పోకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే కొలుస్తుంది. అందులో 940 మెగాబిట్లు దాకా వస్తూ ఫైల్ కాపీ మాత్రం 30 ఎంబీ దగ్గర కొట్టుకుంటుంటే, అప్పుడు సర్వర్ వైపు తిరగండి.

సర్వర్‌లో మొదటి చూపు టాప్ కమాండ్. పైన సీపీయూ వరుసలో డబ్ల్యూఏ అని ఉన్న అంకె, సీపీయూ పని లేక కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూసిన సమయం. లోడ్ యావరేజ్ 20 చూపిస్తూ సీపీయూ మాత్రం ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు. లైనక్స్‌లో లోడ్ లెక్కలోకి సీపీయూ కోసం ఆగినవాటితో పాటు డిస్క్ కోసం ఆగి 'డీ' స్థితిలో ఇరుక్కున్న ప్రాసెస్‌లు కూడా వస్తాయి. ఆ వెంటనే వీఎమ్‌స్టాట్ 1 కొట్టి ఎస్ఐ, ఎస్ఓ అన్న నిలువు వరుసలు చూడండి. అక్కడ సున్నాలు కాకుండా అంకెలు కదులుతూ ఉంటే మెమరీ చాలక సర్వర్ స్వాప్ చేస్తోంది, అంటే మెమరీలో పట్టనిదాన్ని డిస్క్ మీదికీ వెనక్కీ మారుస్తోంది. అప్పుడు డిస్క్‌ను తిట్టి లాభం లేదు, ర్యామ్ తినేస్తున్నది ఏదో చూడాలి.

ఐఓస్టాట్ చదవడం

అసలు పని ఇక్కడుంది. సిస్‌స్టాట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఎడిటర్లు పని చేస్తున్నప్పుడే ఐఓస్టాట్ -ఎక్స్ 5 నడపండి. ఐదు సెకన్లకోసారి ఒక పట్టిక వస్తుంది. మొట్టమొదటి పట్టికను వదిలేయండి. అది సర్వర్ ఆన్ చేసినప్పటి నుంచి ఇప్పటిదాకా సగటు, ఈ క్షణం సంగతి చెప్పదు. చాలామంది దాన్నే స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తారు.

పట్టిక నిండా నిలువు వరుసలు ఉంటాయి కానీ నేను చూసేవి కొన్నే. ఆర్-అవెయిట్ అంటే ఒక రీడ్ అడిగినప్పటి నుంచి పూర్తయ్యేదాకా పట్టిన సగటు సమయం, మిల్లీసెకన్లలో. డబ్ల్యూ-అవెయిట్ రైట్లకు అదే లెక్క. ఎక్యూయూ-ఎస్‌జెడ్ క్యూలో ఉన్నవాటి సగటు సంఖ్య. చివర్లో యుటిల్ శాతం, డిస్క్ ఎంతసేపు ఏదో ఒక పనిలో ఉందో చెబుతుంది.

కూకట్‌పల్లిలో ఒక స్టూడియోలో కనిపించింది చెబుతాను. ఎస్‌డీఏ నుంచి ఎస్‌డీఎఫ్ దాకా ఆరు డిస్క్‌లు. ఐదింటిలో ఆర్-అవెయిట్ 9 నుంచి 14 మధ్య, యుటిల్ 20 దాటలేదు. ఎస్‌డీసీ దగ్గర మాత్రం ఆర్-అవెయిట్ 280, యుటిల్ 100. పైకి చూస్తే ఐదు డిస్క్‌లు ఖాళీగా, ఆరోగ్యంగా ఉన్నట్టుంటుంది. నిజానికి అవి ఎస్‌డీసీ కోసం ఎదురుచూస్తున్నాయి. ఓనరు ఈలోపే ర్యామ్ రెట్టింపు చేయించాడు, స్విచ్ కూడా మార్పించాడు. ఆ పట్టిక ముందే చూసి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

రెయిడ్ 5, 6లలో పని అన్ని డిస్క్‌లకూ ఇంచుమించు సమానంగా పడుతుంది కాబట్టే ఈ పోలిక పనిచేస్తుంది. రెయిడ్ 1 అయితే రీడ్లు రెండు డిస్క్‌ల మధ్య సరిసమానంగా పంచుకోకపోవచ్చు, కాబట్టి అక్కడ రైట్ల అంకెలు పోల్చండి. ఒక్క పట్టిక చూసి తీర్పు చెప్పొద్దు, కాసేపు నడవనివ్వండి. ప్రతిసారీ అదే డిస్క్ వెనకబడుతుంటేనే అనుమానించాలి.

యుటిల్ 100 ఉంది కదా అని ప్రతి డిస్క్‌నూ నేరస్థుణ్ని చేయకూడదు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ ఆ ట్రాక్ దాకా జరగడానికి ఇంకో ఎనిమిది చిల్లర. అంతా కలిపితే ఒక చిన్న రీడ్‌కు 12 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 80 చిల్లర రీడ్లు. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే సెకనుకు 320 కేబీ. ఫొటో స్టూడియోలో వేలకొద్దీ థంబ్‌నెయిల్స్ తెరిచినప్పుడు యుటిల్ 100 చూపిస్తూ స్పీడ్ ఒక ఎంబీ కూడా రాకపోతే, అది ఆ డిస్క్ పుట్టుక. జబ్బు కాదు. ఆర్‌ఏఆర్‌ఈక్యూ-ఎస్‌జెడ్ అన్న వరుస సగటు రీడ్ సైజు చెబుతుంది. అది 4, 8 కేబీల్లో ఉంటే చిల్లర పని, వందల్లో ఉంటే వరుసగా చదివే పెద్ద ఫైళ్లు. చిల్లర పనికి మందు ఎస్‌ఎస్‌డీయే. క్యాటలాగ్, ప్రివ్యూ ఫోల్డర్లను ఒక ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, ఫుటేజ్‌ను హార్డ్‌డిస్క్‌ల మీదే ఉంచమని చెబుతాను. ఎస్‌ఎస్‌డీలకు, ఎన్‌వీఎమ్‌ఈలకు మాత్రం యుటిల్ శాతాన్ని అసలు నమ్మొద్దు. అవి ఒకేసారి చాలా పనులు చేయగలవు కాబట్టి 100 చూపిస్తున్నా ఇంకా ఖాళీ ఉండొచ్చు. వాటికి అవెయిటే కొలత.

అనుమానం ఒక డిస్క్ మీద పడ్డాక

స్మార్ట్‌సీటీఎల్ -ఏ, పక్కన ఆ డిస్క్ పేరు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రికార్డును ఇది చూపిస్తుంది. పైన 'పాస్డ్' అని కనిపిస్తుంది. దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మూలుగుతున్న డిస్క్‌లు కూడా పాస్ అవుతూనే ఉంటాయి. కింద పట్టికలో 5, 197, 198, 199 నంబర్ల వరుసలు చూడండి. 5 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు. 197 చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. 198 డిస్క్ తనంతట తాను పరీక్ష చేసుకున్నప్పుడు చదవలేకపోయినవి. 197 సున్నా కాకుండా ఉండి, స్లో కూడా ఉంటే నేను ఇంక వాదించను, కొత్త డిస్క్ తెప్పించమంటాను. 199 వేరే కథ. అది కేబుల్‌లో వచ్చే తప్పుల లెక్క. పాత తప్పులు అందులోంచి చెరిగిపోవు కాబట్టి అంకె ఎంత ఉందన్నది కాదు, ఈ రోజుకూ రేపటికీ పెరుగుతోందా అన్నది ముఖ్యం. పెరుగుతుంటే డిస్క్ మార్చొద్దు, సాటా కేబుల్ మార్చండి, లేదా డిస్క్ పెట్టే ట్రేను వేరే స్లాట్‌లోకి జరిపి చూడండి.

తర్వాత డీమెసేజ్ -పెద్ద టీ, అంటే లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) రాసిన సందేశాలు. అందులో 'హార్డ్ రీసెట్టింగ్ లింక్' అన్న వాక్యాలు, 'ఐఓ ఎర్రర్' అన్నవి, 'సాటా లింక్ అప్' పక్కన 6.0 ఉండాల్సిన చోట 3.0 లేదా 1.5 ఉండటం వెతకండి. తప్పులు మళ్లీ మళ్లీ వస్తుంటే కెర్నల్ తనంతట తానే లింకు వేగం తగ్గించేస్తుంది.

"ఉండుండి అర నిమిషం గడ్డకట్టుకుపోతోంది, మళ్లీ మామూలైపోతోంది" అన్న ఫిర్యాదుకు ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. డెస్క్‌టాప్ కోసం చేసిన డిస్క్, పాడైన సెక్టార్ తగిలితే దాన్ని ఎలాగైనా చదవాలని చాలాసేపు పట్టుబడుతుంది. కెర్నల్ 30 సెకన్లు ఆగి, ఇక లాభం లేదని లింకును రీసెట్ చేస్తుంది. అంతసేపూ ఎడిటర్ల టైమ్‌లైన్లు కదలవు. రెయిడ్ కోసం చేసిన డిస్క్‌లకు ఆ పట్టుదలను తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 అని కొట్టి పక్కన డిస్క్ పేరు ఇస్తే ఏడు సెకన్లలో చేతులెత్తేయమని చెప్పినట్టు. అప్పుడు రెయిడ్ మిగతా డిస్క్‌ల నుంచి ఆ ముక్కను తిరిగి కట్టి, పాడైన చోట మళ్లీ రాస్తుంది. డిస్క్ ఈ సెట్టింగ్‌ను ఒప్పుకోకపోతే, సిస్ బ్లాక్‌లో ఆ డిస్క్ ఫోల్డర్, అందులో డివైస్, అందులో టైమ్‌అవుట్ అన్న ఫైల్‌లో 30 తీసి 180 పెట్టండి. గడ్డకట్టడం పోదు కానీ, కెర్నల్ తొందరపడి డిస్క్‌ను రెయిడ్ నుంచి గెంటేయడం ఆగుతుంది. చాలా డిస్క్‌లు కరెంటు పోయి వస్తే మొదటి సెట్టింగ్‌ను మర్చిపోతాయి, సర్వర్ రీస్టార్ట్ అయితే రెండోదీ పోతుంది. రెంటినీ బూట్ స్క్రిప్ట్‌లో రాసిపెట్టాలి.

స్మార్ట్ అంతా శుభ్రంగా ఉండి, కేబుల్ బాగుండి, పెద్ద కాపీ మొదట్లో పరుగెత్తి కాసేపటికి రైట్ అవెయిట్ వందలు, వేలల్లోకి పోతుంటే డిస్క్ మోడల్ నంబర్ తీసి అది ఎస్‌ఎమ్‌ఆర్ రకమేమో చూడండి. వాటిలో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరిగి రాయాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి. ఎన్‌ఏఎస్‌ల (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెల) కోసమని అమ్మిన కొన్ని డిస్క్‌లు ఈ రకమేనని 2020లో బయటపడి పెద్ద గొడవ అయింది. రెయిడ్ రీబిల్డ్‌కు ఇవి అస్సలు పనికిరావు. ట్యూనింగ్‌తో బాగుపడే వ్యవహారం కాదిది, మార్చడమే.

అన్నీ సమానంగా నెమ్మదిస్తే

ఏ ఒక్క డిస్కూ వేరుగా కనిపించకుండా అన్నీ కలిసి బరువుగా నడుస్తుంటే, క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ ఎమ్‌డీస్టాట్. అక్కడ చెక్ అని గానీ రికవరీ, రీసింక్ అని గానీ శాతం నడుస్తుంటే రెయిడ్ తన పని తాను చేసుకుంటోంది. డెబియన్, ఉబుంటుల్లో నెలకోసారి, మొదటి ఆదివారం తెల్లవారుజామున ఈ చెక్ మొదలయ్యే ఏర్పాటు ఎమ్‌డీఏడీఎమ్ ప్యాకేజీతోనే వస్తుంది. ఆదివారం సెలవు అనుకునే ఆఫీసులకు అది బాగానే ఉంటుంది. పెళ్లి స్టూడియోకు శనివారం రాత్రి ముహూర్తం కెమెరా కార్డులన్నీ ఆదివారం పొద్దున్నే దిగుతాయి. పెద్ద డిస్క్‌లకు ఆ చెక్ సోమవారం దాకా సాగుతుంది. "నెలకోసారి సండే వస్తే చాలు సచ్చిపోతుంది అక్కా" అని ఓనరు అన్నాడంటే కారణం ఇదే. చెక్‌ను పూర్తిగా ఆపేయకండి, పాడైన సెక్టార్లను ముందే పట్టేది అదే. స్లాష్ ప్రాక్ స్లాష్ సిస్ స్లాష్ డెవ్ స్లాష్ రెయిడ్‌లో స్పీడ్-లిమిట్-మ్యాక్స్ మామూలుగా 200000 ఉంటుంది, అంటే సెకనుకు 200 ఎంబీ. పని వేళల్లో దాన్ని 30000కు దించి, రాత్రికి మళ్లీ పెంచండి. లేదా చెక్‌ను స్టూడియోకు ఖాళీగా ఉండే రోజుకు మార్చండి. డిస్క్ మార్పులు, కేబుల్ మార్పులు లాంటి పెద్ద పనులకైతే నేను ఆషాఢం దాకా ఆగమంటాను. పెళ్లిళ్లు ఉండవు, ఓనర్లు తీరిగ్గా ఉంటారు.

రెయిడ్‌ను తనే నడిపే రెయిడ్ కార్డు ఉన్న సర్వర్లలో రైట్లు ఒక్కసారిగా చతికిలబడితే కార్డు బ్యాటరీని చూడండి. బ్యాటరీ బాగున్నంత కాలం కార్డు రైట్లను తన క్యాష్‌లో తీసుకుని వెంటనే సరే అనేస్తుంది. బ్యాటరీ చచ్చిందనుకోండి, రైట్-బ్యాక్ నుంచి రైట్-త్రూకి తనే మారిపోయి ప్రతి రైట్‌కూ డిస్క్ దాకా వెళ్లి వస్తుంది. రాత్రి ఏసీ కట్టేసే గదుల్లో, మన ఎండల్లో ఈ బ్యాటరీలు తొందరగా పోతాయి. బ్యాటరీ లేకుండానే రైట్-బ్యాక్ బలవంతంగా పెట్టే ఆప్షన్ కార్డులో ఉంటుంది. పెట్టమని అడుగుతారు కూడా. కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నదంతా పోతుంది, పోయేది ఎవరి పెళ్లి ఫుటేజో ముందే తెలియదు కాబట్టి నేను పెట్టను.

పెద్ద ర్యామ్ ఉన్న సర్వర్‌లో రైట్లు భలే వేగంగా మొదలై, తర్వాత అందరికీ ఒకేసారి ఆగిపోవడం మరో రకం. కెర్నల్ రైట్లను ముందు మెమరీలో పోగేస్తుంది. మామూలు సెట్టింగ్‌లో అందుబాటు మెమరీలో 20 శాతం దాకా. 64 జీబీ సర్వర్‌లో అది దాదాపు పన్నెండు జీబీ. ఆ గట్టు దాటితే రాసేవాళ్లందరినీ ఆపి డిస్క్‌ల మీదికి దించుతుంది. వీఎమ్ డర్టీ-బ్యాక్‌గ్రౌండ్-బైట్స్‌ను 256 ఎంబీకి, డర్టీ-బైట్స్‌ను ఒక జీబీకి పెడితే కొంచెం కొంచెంగా దించుతూ పోతుంది. అలాగే రెయిడ్ 6లో ఒక చిన్న రైట్‌కు పాత డేటా, రెండు ప్యారిటీలు (పోయిన ముక్కను తిరిగి కట్టడానికి దాచిన లెక్కలు) చదివి మూడూ తిరిగి రాయాలి, మొత్తం ఆరు పనులు. సిస్ బ్లాక్ ఎమ్‌డీ0 ఎమ్‌డీలో స్ట్రైప్-క్యాష్-సైజ్‌ను 256 నుంచి 4096కు పెంచితే వరుస రైట్లు బాగా కోలుకుంటాయి. ఆరు డిస్క్‌లకు దానికి పట్టే మెమరీ 96 ఎంబీ, పెద్ద లెక్కలోది కాదు.

ఎవరు రాస్తున్నారో తెలియకపోతే ఐఓటాప్ -ఓ. బ్యాకప్ ఆర్‌సింక్, ఫైళ్లన్నీ వెతికే అప్‌డేట్‌డీబీ, యాంటీవైరస్ స్కాన్ ఒకే వేళకు పెట్టి ఉండటం మామూలే. డీఎఫ్ -హెచ్‌లో 95 శాతం దాటి నిండి ఉంటే ముందు ఖాళీ చేయండి. కొత్త ఫైళ్లు ముక్కలైపోతాయి, పైగా డిస్క్ లోపలి ట్రాక్‌ల స్పీడ్ బయటి ట్రాక్‌లలో సగమే ఉంటుంది.

స్పీడ్ కొలవాలనుకుంటే డీడీతో సున్నాలు రాసి "సెకనుకు 2 జీబీ వస్తోంది" అని మురిసిపోకండి. అది ర్యామ్ స్పీడ్. ఓఫ్లాగ్=డైరెక్ట్ చేర్చండి, లేదా డిస్క్ స్పీడ్ కొలిచే ఎఫ్ఐఓ టూల్‌ను డైరెక్ట్=1 పెట్టి నడపండి. ఎఫ్ఐఓకు ఫైల్ పేరుగా ఒక ఫోల్డర్‌లోని పరీక్ష ఫైల్ ఇవ్వాలి. స్లాష్ డెవ్‌లోని డిస్క్ పేరు ఇచ్చి రైట్ టెస్ట్ పెట్టారంటే డేటా మీద రాసుకుంటూ పోతుంది, అడగదు కూడా.

చప్పుడు, అదురు కూడా కారణం కావచ్చు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే రోజుల్లో బ్రెండన్ గ్రెగ్ 2008 చివర్లో డిస్క్‌ల ముందు నిలబడి గట్టిగా అరిచి, లేటెన్సీ గ్రాఫ్ పైకి లేవడం వీడియోలో చూపించాడు. సర్వర్‌ను జనరేటర్ గదికి ఆనుకున్న గోడ వైపు, పాత ఏసీ కంప్రెసర్ కింద పెట్టొద్దనేది అందుకే. నిమజ్జనం రోజు కింద రోడ్డు మీద డీజే బండి ఆగినప్పుడు అవెయిట్ చూడాలని నాకూ సరదాగానే ఉంటుంది కానీ, ఆ రోజు ఎవరూ ఫోన్ ఎత్తరు.

మార్చేటప్పుడు

ఎస్‌డీసీ అన్న పేరు శాశ్వతం కాదు, రీస్టార్ట్ అయితే ఇంకో డిస్క్‌కు రావొచ్చు. స్మార్ట్‌సీటీఎల్‌లో సీరియల్ నంబర్ రాసుకుని, డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టండి. కొత్త డిస్క్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, పెట్టగానే స్మార్ట్ పట్టికలో 9వ నంబర్, పవర్-ఆన్ గంటలు చూడండి. వేలల్లో ఉంటే అది కొత్తది కాదు, బిల్లుతో వెనక్కి ఇచ్చేయండి. సున్నా దగ్గర ఉంటే -టీ లాంగ్ పరీక్ష పెట్టి, అది పాసయ్యాక వాడండి.

ఖాళీ స్లాట్ ఉంటే పాత డిస్క్‌ను ముందే పీకేయకండి. కొత్తదాన్ని ఎమ్‌డీఏడీఎమ్ యాడ్‌తో చేర్చి, డబుల్ డాష్ రీప్లేస్ పాత పేరు, డబుల్ డాష్ విత్ కొత్త పేరు అని చెప్పండి. పాతదాని నుంచే కాపీ అవుతుంది, చదవలేని చోట మాత్రం మిగతావాటి నుంచి కట్టుకుంటుంది. అంతసేపూ రెయిడ్ రక్షణ తగ్గదు. 8 టీబీ డిస్క్ సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిచినా పదిహేను గంటలు పడుతుంది, పాత డిస్క్ మూలుగుతుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి రాత్రి మొదలుపెట్టండి. దానికి ముందు, ఆ వారం ఫుటేజ్ వేరే చోట కూడా ఉందో లేదో ఓనరును అడిగి చూసుకోండి.

పూర్తయ్యాక అదే ఎడిటర్ మెషీన్ నుంచి అదే ఫైల్ కాపీ పెట్టించండి, ఐఓస్టాట్‌లో ఆరు వరుసలూ ఒకేలా ఉన్నాయేమో చూడండి. చివరగా సిస్‌స్టాట్ రికార్డింగ్ ఆన్ చేయండి. డెబియన్‌లో ఈటీసీ డిఫాల్ట్ సిస్‌స్టాట్ ఫైల్‌లో ఎనేబుల్డ్ పక్కన ట్రూ అని మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలు, పది నిమిషాలకోసారి అంకెలు దాచుకుంటుంది. మామూలుగా ఏడు రోజులవే ఉంచుతుంది కాబట్టి ఈటీసీ సిస్‌స్టాట్ ఫోల్డర్‌లోని సిస్‌స్టాట్ ఫైల్‌లో హిస్టరీ దగ్గర 28 పెట్టండి. తర్వాత ఎవరైనా "మొన్న శుక్రవారం సాయంత్రం స్లో అయింది" అంటే సార్ -డీకి -ఎఫ్‌తో ఆ రోజు రికార్డింగ్ ఫైల్ ఇచ్చి ఆ శుక్రవారం సాయంత్రానికే వెళ్లి చూడొచ్చు.